మౌంట్ రోడ్ ఊరేగింపు ఫోటో: 1952దేనా? (చెన్నై తెలుగువాళ్లు చూసి చెప్పండి)

చూళైమేడు శీను
మా తాతగారి ట్రంకుపెట్టెలో ఒక ఫోటో దొరికింది. పోస్టుకార్డు సైజు. రోడ్డంతా జనం, మధ్యలో పూలదండలతో ఒక బండి, కింద ట్రామ్ పట్టాలు. వెనకాల పెన్సిల్‌తో "శ్రీరాములుగారి అంతిమయాత్ర, మౌంట్ రోడ్" అని రాసి ఉంది. ఇది 1952 డిసెంబరు 16న తీసిందేనని మా పెదనాన్న పందెం కాస్తున్నారు. నిజంగా ఆ రోజుదేనా అని ఎలా తేల్చాలి? పాడవకుండా ఎలా దాచాలి? ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కి ఇస్తే తీసుకుంటారా?

మైలాపూరు కోడలు
తేల్చడానికేముంది బాబూ, వెనకాల రాసే ఉందిగా. పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రం కోసం అక్టోబరు 19న దీక్షలో కూర్చుని డిసెంబరు 15న పోయారు, బులుసు సాంబమూర్తిగారింట్లో. మా మామగారు మర్నాడు ఆ ఊరేగింపులో నడిచారు. మౌంట్ రోడ్ చేరేసరికి ఇసక వేస్తే రాలనంత జనమట. ఎడమ పక్కన గొడుగు పట్టుకున్న పొడుగాయన ఎవరైనా ఉన్నారేమో చూసి చెప్పు.

రైల్వే రాజు
సింపుల్. మద్రాసులో కరెంటు ట్రాములు 1895లో మొదలై 1953 ఏప్రిల్లో ఆగిపోయాయి. పట్టాలున్నాయి కాబట్టి 1953కి ముందుదే. కేసు క్లోజ్.

పల్లావరం పిల్లోడు
రాజు అన్నా, సర్వీసు ఆపిన రాత్రికి రాత్రే పట్టాలు పీకేశారా? మా ఏరియాలో కేబుల్ కోసం తవ్విన గుంతే ఇంకా పూడ్చలేదు. ట్రామ్ బండి కనిపిస్తే ఒప్పుకుంటా. ఉత్త పట్టాలు సాక్ష్యం కాదు.

రైల్వే రాజు
నువ్వు పుట్టకముందు నుంచీ ఈ విషయాలు చదువుతున్నా తమ్ముడూ. జనం మధ్యలోంచి ట్రామ్ ఎలా నడుస్తుంది? ఆపేసి ఉంటారు.

పల్లావరం పిల్లోడు
అదే కదా నేనూ అంటున్నది! బండి లేదు కాబట్టి తెలియదు.

ట్రిప్లికేన్ మేడ
ఇద్దరూ ఆగండి. ఎల్‌ఐసీ బిల్డింగ్ ఉందా? అది 1959లో తెరిచారు. కనిపిస్తే పెదనాన్నగారు పందెం ఓడినట్టే. స్పెన్సర్ షాపు దగ్గర కర్నల్ నీల్ (1857 తిరుగుబాటును అణచిన తెల్లదొర) విగ్రహం కనిపిస్తే 1937కి ముందుది, ఎందుకంటే ఆ ఏడాదే తీసేశారు. పాత మద్రాసు గవర్నర్ మన్రో విగ్రహంతో లాభం లేదు, 1839 నుంచీ అక్కడే గుర్రమెక్కి కూర్చున్నాడు.

పల్లావరం పిల్లోడు
ఎల్‌ఐసీ కనిపించకపోతే? కెమెరా అటు తిరగలేదేమో.

డార్క్‌రూమ్ తాత
కోడంబాకం స్టూడియోల్లో స్టిల్స్ కడిగి, ఎండబెట్టి, అంచులు కోసిన చేతులివి. నా మాట వినండి. మీరంతా ఫోటోలో బొమ్మ చూస్తున్నారు, ఫోటో కాగితం ఎవరూ చూడట్లేదు. బొమ్మ తీసిన ఏడాది వేరు, ప్రింటు వేసిన ఏడాది వేరు. వెనక్కి తిప్పి వేలితో రాయండి. నున్నగా ప్లాస్టిక్‌లా జారితే అది రెజిన్ పూత కాగితం, 1960ల చివర్లో గానీ వాడకంలోకి రాలేదు. మామూలు కాగితంలా గరుగ్గా ఉంటే పాతదయ్యే అవకాశం ఉంది. ముదురు నలుపున్న చోట పక్క నుంచి చూస్తే వెండి మెరుపు తేలిందా? అదీ ఎక్కువగా పాతవాటికే వస్తుంది. ఇంకో మాట. దొంగనోట్లు పట్టుకోవడానికి కొట్లలో పెట్టుకునే నీలం లైటు ఉంటుందే, దాన్ని చీకట్లో ఫోటో అంచు మీద వేయండి. కాగితం తెల్లగా వెలిగిపోతే అందులో మెరుపు మందు కలిపారని అర్థం. అది 1950ల మొదట్లో గానీ కాగితాల్లోకి రాలేదు.

వేళచ్చేరి వసుధ
దాచడం గురించి ఎవరూ మాట్లాడరేం? 2015 డిసెంబరు వరదలో మా ఇంటి కింది వాటా మొత్తం మునిగింది. ఆల్బమ్‌లన్నీ తడిసి ఇటుకల్లా అతుక్కుపోయాయి. మా ఆడపడుచు కంగారులో ఒక్కో ఫోటో పీకింది, మొహాలన్నీ ఎదుటి పేజీకి వెళ్లిపోయాయి. తడిసినవి పీకకండి. మంచినీళ్లలో నానబెడితే వాటంతటవే విడతాయి, బొమ్మ పైకి ఉండేలా నీడలో పరచండి. వెంటనే కుదరకపోతే కవర్లో పెట్టి ఫ్రిజ్ పైగదిలో గడ్డకట్టనివ్వండి, తీరిగ్గా చూసుకోవచ్చు. జిగురు పేజీల ఆల్బమ్‌లు అసలు కొనకండి. లామినేషన్ చేయించారో, అయిపోయింది.

డార్క్‌రూమ్ తాత
వసుధమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటి మాత్రం కలుపుకో తల్లీ: వెనకాల బాల్‌పెన్‌తో రాయొద్దు. మెత్తటి పెన్సిలే వాడాలి.

అరుంబాక్కం ఎడిటర్
శీను గారూ, ఆ ఫోటో స్కాన్ పంపండి, కలర్ చేసి ఇస్తా. మొహాలు కూడా షార్ప్ చేసే యాప్ ఉంది. ఫ్రీ.

మైలాపూరు కోడలు
అయితే గొడుగాయన మొహం కూడా తెలుస్తుందా?

ట్రిప్లికేన్ మేడ
అమ్మా, ఆ యాప్ మీ మామగారి మొహం చూపించదు, ఎవరిదో మొహం తయారుచేసి అంటిస్తుంది. హౌరా బ్రిడ్జి ముందు ట్రామ్ పెట్టి "మన పాత మద్రాసు" అని వాట్సాప్‌లో తిప్పే బ్యాచ్‌కి ఇప్పుడు రంగులు కూడా దొరికాయి. ఆ బండి మీద పూలు ఏ రంగువో మీకెలా తెలుసు ఎడిటర్ గారూ?

అరుంబాక్కం ఎడిటర్
ఫ్రీగా చేస్తానంటే ఈ మాటలా? పాతకాలంలో టచప్ లేదా ఏంటి? స్టూడియోల్లో బుగ్గలకి గులాబీ రంగు పూసేవాళ్లు కదా. తాతగారిని అడగండి.

డార్క్‌రూమ్ తాత
పూశాం. పెళ్లికూతుళ్లకి. ఊరేగింపులకి కాదు.

సెంట్రల్ లైబ్రరీ బెంచీ
ఎడిటర్ అన్నదాంట్లో కొంత నిజముంది. లినియస్ ట్రైప్ మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫర్‌గా 1858లో మదురై, తంజావూరు తిరిగాడు. ఆ కాగితం నెగెటివ్‌ల మీద ఆకాశం బోసిగా పడుతుందని మబ్బులు చేత్తో వేసుకున్నాడు. అదే మనిషి తంజావూరు పెద్దగుడి అడుగున ఉన్న శాసనాన్ని 21 ఫోటోలుగా తీసి, వరసగా అతికించి పొడుగాటి చుట్టగా చేశాడు. మబ్బులు కల్పితమని శాసనాన్ని పారేస్తామా? నన్నడిగితే అంతకంటే ఘోరం హూపర్ అనే ఇంగ్లిష్ ఫోటోగ్రాఫర్‌ది. 1876–78 కరవులో ఎముకల గూళ్లలా ఉన్న మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. బళ్లారి, కర్నూలు, కడప అల్లాడిన కరవు అది. 50 లక్షలకు పైగా చచ్చిపోయారు. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

రైల్వే రాజు
ఆ కరవు పనుల్లోనే ఇక్కడ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించారు. ఇప్పుడు ఎమ్మార్టీఎస్ (వంతెన మీద నడిచే లోకల్ రైలు) స్తంభాలు దాంట్లోనే నిలబెట్టారు. అది వేరే కథ.

సెంట్రల్ లైబ్రరీ బెంచీ
వేరే కథ కాదు, అదే కథ. మా ముత్తవ్వ వాళ్లు కర్నూలు నుంచి నడిచి వచ్చింది ఆ కరవులోనే. మా ఇంట్లో వాళ్ల ఫోటో ఒక్కటి లేదు. హూపర్ ఫోటో చూసినప్పుడల్లా అందులో మావాళ్లున్నారేమోనని వెతుకుతాను.

చూళైమేడు శీను
ఆలస్యానికి సారీ. కిరాణా కొట్టు అన్న దగ్గర నీలం లైటు తెచ్చా. కాగితం వెలుగుతోంది, బాగా. వెనక మాత్రం గరుగ్గానే ఉంది. ఎల్‌ఐసీ లేదు, నీల్ లేడు. పెదనాన్నకి చెబితే "లైటుకేం తెలుసు, మా నాన్నకి తెలుసు" అని ఫోన్ పెట్టేశారు.

డార్క్‌రూమ్ తాత
ఆయన్ని కోప్పడకు. ప్రింటు తర్వాతెప్పుడో వేసిందై ఉండొచ్చు, నెగెటివ్ 1952దై ఉండొచ్చు. శ్రీరాములుగారి బొమ్మలకి అప్పట్లో గిరాకీ ఉంటుంది కదా, 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చాక మళ్లీ మళ్లీ ప్రింటు వేసి అమ్మి ఉంటారు. ఇలాంటిదే ఇంకొకరింట్లో ఉంటే పక్కపక్కన పెట్టి చూడాలి. వెనకాల స్టూడియో ముద్ర సగమైనా ఉందా?

మైలాపూరు కోడలు
ఉండొచ్చు, అయి ఉండొచ్చు. మీ మాటల్లో ఒక్కటీ గట్టిది లేదు. మా మామగారు అబద్ధమాడే మనిషి కాదు.

ట్రిప్లికేన్ మేడ
ఆయన నడవలేదని ఎవరూ అనలేదమ్మా. ఆ ఫోటోలో ఉన్నారా అన్నదే ప్రశ్న.

నుంగంబాక్కం నవ వరుడు
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా పెళ్లి ఫోటోగ్రాఫర్ ఆల్బమ్ ఇచ్చాడు కానీ ఒరిజినల్ ఫైల్స్ ఇవ్వాలంటే ఇంకో పాతిక వేలు అడుగుతున్నాడు. కాపీరైట్ తనదేనట. నిజమేనా?

సెంట్రల్ లైబ్రరీ బెంచీ
1957 చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. మీరు సంతకం పెట్టిన కాగితం ముందు చదవండి.

నుంగంబాక్కం నవ వరుడు
సంతకం మా మామగారు పెట్టారు. ఆ కాగితం ఎక్కడుందో ఆయన్ని అడగాలంటేనే టెన్షన్‌గా ఉంది.