సమస్య: "కారమే లేని మిరపయే ఘనత గాంచె" – పూరణలు, సమీక్ష

నిర్వాహకులు:
కవిమిత్రులకు నమస్కారం. ఇచ్చిన పాదం వింతగా తోచినా, దాని ముందు పాదాలు రాసి అర్థం కుదర్చడమే సమస్యాపూరణం. ఈ వారం ఇచ్చినది తేటగీతి పద్యంలో నాలుగో పాదం. పూరణలు పంపినవారిని వారి పేట పేరుతో చూపాం.

కారమే లేని మిరపయే ఘనత గాంచె

లఘువులు (పొట్టి అక్షరాలు), గురువులు (నిడివి అక్షరాలు) కలిసిన గుంపులే గణాలు. అలా విడదీస్తే కార (హ), మేలేని (త), మిరపయే (నగ), ఘనత (న), గాంచె (హ). యతి, అంటే పాదం తొలి అక్షరంతో పొసగే అక్షరం, కా–ఘ. మిగిలిన మూడు పాదాలూ ఇలాగే ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలతో నడవాలి. సూర్యగణాలు న, హ; ఇంద్రగణాలు నగ, సల, నల, భ, ర, త. నాలుగో గణం తొలి అక్షరానికి యతి వేయాలి. యతికి బదులు రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి చెల్లుతుంది, పాదాలన్నిటా రెండో అక్షరం ఒకటే కావాలనే ప్రాస నియమం లేదు.

మిర్చి యార్డు ఉన్న గుంటూరులో ఇలాంటి మాట అంటే ఎవరైనా దెబ్బలాటకు వస్తారు. అందుకే ఇది సమస్య అయింది. ఘాటు తక్కువ రకాన్ని చూపవచ్చు, కారం తెలియని ప్రాణిని తేవచ్చు, ప్రశ్నగా మార్చవచ్చు. మూడో పాదం చివర ఒకటి రెండు అక్షరాలు పెట్టి 'కారమే'ను సహకారం, మమకారం, వికారం చేయవచ్చు. ఏ దారిన వెళ్ళినా పద్యంలో చెప్పిన సంగతి వంటింట్లోనూ పొలంలోనూ నిజం కావాలి.

బ్రాడీపేట:

చారెడైనను చాలును చట్టిలోన
నెర్రరంగును నింపగ నెసరునందు
బాడిగ మిరపకాయల పాటి గలదె?
కారమే లేని మిరపయే ఘనత గాంచె

సమీక్షకులు:
గణాలు, యతులు సరిపోయాయి. రెండో పాదంలో 'లోనన్ + ఎర్ర', 'నింపగన్ + ఎసరు' కాబట్టి ఎ–ఎ అచ్చు యతి చక్కగా కుదిరింది. చిక్కు అర్థంలో ఉంది. ఎసరు అన్నం కోసం పెట్టేది, దానికి ఎరుపుతో పనేమిటి? మూడో పాదంలో 'పాటి గలదె' దేనికి దేనితో పోలికో తేలలేదు. ఇలా మారిస్తే ఎలా ఉంటుందో చూడండి:

చారెడైనను చాలును చట్టిలోన
పులుసు కెర్రని రంగును బూయగలదు
బాడిగ మిరప, యందుకే వంటలందు
కారమే లేని మిరపయే ఘనత గాంచె

మూడో పాదంలో బా–వ యతి. బ–వలకు అభేదం ఉంది కనుక చెల్లుతుంది.

ఇక సరుకు సంగతి. కర్ణాటకలోని బ్యాడగి పేరు మీద వచ్చినదే మన యార్డులో బాడిగ. తోలు ముడతలు పడి, ముదురు ఎరుపుగా ఉంటుంది. ఘాటు సున్నా కాదు, ఘాటైన గుంటూరు సన్నం రకంతో పోలిస్తే బాగా తక్కువ. అందుచేత 'కారమే లేని' అన్నది అతిశయోక్తిగానే నిలుస్తుంది. రంగునిచ్చే కాప్సాంథిన్ తోలులో ఉంటుంది. మంటనిచ్చే కాప్సైసిన్ ప్రధానంగా గింజలు అంటుకున్న తెల్లని పొరలో పుడుతుంది. రెండూ వేర్వేరు పదార్థాలు కాబట్టే ఎర్రనిదల్లా మండదు.

కృష్ణలంక:
చేపల పులుసుకు మూడు పాళ్ళు బాడిగ, ఒక పాలు సన్నం కలిపి పట్టించిన కారం బాగుంటుంది. ఆవకాయకు చెరి సగం చాలు, ఘాటు మరీ తగ్గితే ఆవపిండి ఒక్కటే పైకి తేలుతుంది. పొడిని పొగలొచ్చే నూనెలో వేస్తే ఎరుపు మాడి గోధుమరంగుకు తిరుగుతుంది. పొయ్యి ఆపి, నూనె కాస్త చల్లారాకే వేయాలి.

సత్యనారాయణపురం:

పిల్లికి తీపి తెలియదు బెల్లమిడిన
కోడి యెరుగదు కారము కొసరి పెట్ట
నాలుకల తీరు వేరయ్య, నాకు గూడ
కారమే లేని మిరపయే ఘనత గాంచె

సమీక్షకులు:
భావం హాయిగా ఉందమ్మా. మొదటి పాదంలో గణదోషం ఉంది. 'పిల్లి' హగణం, బాగానే ఉంది. ఆ తర్వాత 'కి తీపి' లఘువు, గురువు, లఘువు అవుతోంది. అది జగణం, ఇంద్రగణాల్లో లేదు. తేటగీతి కొత్తగా రాసేవాళ్ళకు తరచుగా కాలు జారేది ఈ రెండో గణం దగ్గరే, ఎందుకంటే చెవికి జగణం కూడా నడుస్తున్నట్టే ఉంటుంది. ఒక్క 'ని' చేర్చితే సల గణం వచ్చేస్తుంది:

పిల్లికిని దీపి దెలియదు బెల్లమిడిన

చెప్పిన సంగతి ముమ్మాటికీ నిజం. పిల్లిజాతిలో తీపిని పట్టే గ్రాహకానికి కావలసిన జన్యువు పనిచేయదు. పిల్లి పాలకు ఎగబడేది కొవ్వు, మాంసకృత్తుల కోసం. కోడి సంగతీ అంతే, కాప్సైసిన్ దాని నోటికి మంటగా తగలదు.

లక్ష్మీపురం:

చిలుక కొరికిన కాయలో చేవ యున్న
నోరు మండదు, గింజల నూరు దాటి
పొలముపొలమున నాటును, పులుగులకును
కారమే లేని మిరపయే ఘనత గాంచె

సమీక్షకులు:
రెండు చోట్ల ఆగాలి. 'గింజలన్ + ఊరు' సంధి జరిగి 'నూరు' అయింది. ఆ నకారం ద్రుతానిది (మాట చివరి 'న్'ది), పదం మొదలయ్యేది ఊకారంతో. యతి అచ్చుకే చూడాలి గనుక 'నో'కు పొసగదు. పైకి నో–నూ అని కనిపించి మోసం చేసే చోటు ఇది.

రెండోది చిలుక. దానికి మిరప మండదు, ఆ మాట సరే. కానీ చిలుక ముక్కు గింజను చీల్చేస్తుంది, చీలిన గింజ మొలవదు. విత్తనాన్ని మోసుకెళ్ళేవి పండును గుటుక్కున మింగే పికిలిపిట్ట లాంటివి. ఎలుకలు, ఉడుతలు పళ్ళతో గింజను నమిలేస్తాయి. మిరప తన మంటను వాటి మీదికి పెట్టి, పక్షులను మాత్రం రానిచ్చిందని శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఇదే. ఇంత చక్కని విషయం చేతిలో ఉండగా చిలుకతో సరిపెట్టుకోకండి.

లక్ష్మీపురం:
సవరించిన పూరణ, గురువుగారూ:

పికిలిపిట్టకు దెలియదు పిసరు మంట
గింజ చెక్కుచెదరకుండ గెంటు పేగు;
ఎగురు పక్షుల నాలుక కెపుడు జూడ
కారమే లేని మిరపయే ఘనత గాంచె

సమీక్షకులు:
ఈ వారానికి నాకు బాగా నచ్చిన పద్యం ఇదే. 'పిసరు మంట', 'గెంటు పేగు' అచ్చమైన మన మాటలు. 'చెదరకుండ'లో 'దరకుండ' సల గణంగా ఎంత సాఫీగా వచ్చిందో గమనించండి.

పటమట:
అమెరికాలో ఉడుతలు రాకుండా పిట్టల గింజలకు కాప్సైసిన్ పట్టించి అమ్ముతారు. ఇక్కడ మేడ మీద చేయాలంటే ఉత్త కారప్పొడి చల్లితే వానకూ గాలికీ పోతుంది. కాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. చెంచా నూనెలో కారం కలిపి గింజలకు రాసి నీడన ఆరబెడితే పట్టుకుంటుంది.

కొత్తపేట:
ప్రపంచ వార్తల వైపు నుంచి నాదొకటి.

మిరప ఘాటుతో వెదకిరి మేనిలోన
వేడి సోకెడు తావును, వెంట వచ్చె
నోబెలు బహుమతి జగము నోట నాన
కారమే లేని మిరపయే ఘనత గాంచె?

సమీక్షకులు:
ప్రశ్నగా మలిచారు, కాకువుతో (గొంతు విరుపుతో) సమస్య తిరగబడింది. దోషం లేదు. డేవిడ్ జూలియస్ బృందం కాప్సైసిన్ ఆధారంగా ఒంట్లో వేడిని పట్టే ఆ గ్రాహకాన్ని 1997లో పట్టుకుంది. 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి ఆయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునే తలుపునే కాప్సైసిన్ కూడా తెరుస్తుంది. అందుకే కారం తిన్న నోరు 'కాలింది' అంటుంది. అప్పుడు మంచినీళ్ళు తాగితే మంటను నోరంతా పులమడమే అవుతుంది. పెరుగు గానీ చిక్కటి మజ్జిగ గానీ పుచ్చుకోవాలి.

బ్రాడీపేట:
2023లో పెప్పర్ ఎక్స్ అనే మిరప 26.93 లక్షల స్కోవిల్ యూనిట్ల (ఘాటు కొలత)తో గిన్నిస్‌కెక్కింది. పందేలకు పనికొస్తుందేమో గాని, పచ్చడికి అక్కరకు రాదు. గోంగూరలో మిరప పులుపును మోయాలి, దాన్ని మింగేయకూడదు.

పటమట:

కళ్ళమున నెండబెట్టక గట్ట వడిగ
తేమ పది దాట బస్తాకు దెగులు పట్టె
ఎండలో నెండి నిలిచిన దితరుల సహ
కారమే లేని మిరపయే ఘనత గాంచె

సమీక్షకులు:
'సహ'ను మూడో పాదం చివర పెట్టి 'సహకారమే' చేశారు. 'లసహ' నగణం, లెక్క సరిపోయింది. ఇలా విరిచేటప్పుడు చాలామంది 'అలం', 'అహం' వాడబోయి చిక్కుకుంటారు. అవి గురువుతో ముగుస్తాయి, తేటగీతి చివరి సూర్యగణం లఘువుతోనే ముగియాలి. 'ఇతరుల' మాత్రం ఇంకా బలహీనమే, ఎవరా ఇతరులు? ఏసీ గిడ్డంగి అనుకుంటే సరిపోతుంది గాని పద్యం ఆ మాట చెప్పలేదు.

రెండో పాదం ఈ పూరణకు ప్రాణం. తేమ 10, 11 శాతం దాటిన కాయ టిక్కీలో (మిరప బస్తాలో) బూజు పడుతుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఐరోపా సమాఖ్య మిరపలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే సరుకును రానివ్వదు. తేమ కాయను ఏసీలో పెట్టినా పుట్టిన విషం పోదు, చలి దాన్ని విరగ్గొట్టదు.

కృష్ణలంక:
కాయను మట్టి మీద కాక బరకం మీదో సిమెంటు కళ్ళం మీదో పలచగా పరవాలి. రోజుకు మూడు నాలుగు సార్లు తిరగేయాలి. పొద్దు గుంకగానే కుప్ప చేసి కప్పాలి, లేకపోతే మంచు పడి తోలు తెల్లబారి తాలు (నాసి కాయ) కింద పోతుంది. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమనాలి. బరువు కోసమో, కాయ చిట్లకుండానో కట్టేముందు నీళ్ళు చల్లితే ఎండబెట్టిన కష్టమంతా అక్కడితో సరి.

సత్యనారాయణపురం:

గింజ దీసి లో పొరలను గీసివేసి
వాము నుప్పును జింతయు వాట నింపి
దినము బజ్జీలుగా వేసి తినిన నేవి
కారమే లేని మిరపయే ఘనత గాంచె

సమీక్షకులు:
'వికారమే' విరుపు బాగా కుదిరింది. వాడుకలో 'ఏ వికారమూ' అంటాం, సమస్యలో 'మే' ఉంది కనుక ఆ 'ఏ' కాస్త బరువైంది. అయినా నిలుస్తుంది. లోపొరను గీసేయడం అసలు కిటుకు, గింజలు మాత్రమే దులిపితే మంట చాలావరకు అక్కడే ఉంటుంది.

కొత్తపేట:
పిండి కూడా చెప్పండమ్మా.

సత్యనారాయణపురం:
పెద్ద బజ్జీ మిరపకాయలు 8కి శనగపిండి ఒక గ్లాసు, బియ్యప్పిండి రెండు చెంచాలు, వంటసోడా చిటికెడు. సోడా ఎక్కువైతే బజ్జీ నూనె తాగుతుంది, బియ్యప్పిండి ఎక్కువైతే చల్లారాక గట్టిపడుతుంది. పిండి గరిటె వెనక పూతలా నిలవాలి. కాయను తడి లేకుండా తుడిచి ముంచితే పూత జారదు.