1987 నాటి షట్టర్ల కలర్ టీవీ: లోపలి సామాను మార్చేయకుండా బాగుచేయించగలమా?

ప్రశ్న (ఆమదాలవలస నుంచి)

మా మావగారు 1987లో కొన్న కలర్ టీవీ ఒకటి మా ఇంట్లో ఉంది. నాలుగు కాళ్ల చెక్క పెట్టె, రెండు పక్కలకూ జారే షట్టర్లు, తెర కింద స్పీకరుకు బట్ట బిగించిన సెట్టు అది. కంపెనీ పేరున్న బిళ్ల ఎప్పుడో ఊడిపోయింది. చాలా ఏళ్లుగా దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇంట్లోకి నీళ్లు రాలేదు గానీ గోడలన్నీ చెమ్మగిల్లాయి. ఆ తరువాతే పెట్టె పైపొర ఒక మూల ఉబ్బింది, ఎడమ షట్టరు కదలడం మానేసింది.

ఒక మెకానిక్ వచ్చి చూసి, లోపలి సామానంతా తీసేసి అదే పెట్టెలో ఎల్ఈడీ తెర అమరుస్తానని అన్నారు. మావగారు ఒప్పుకోలేదు. నాకూ మనసొప్పలేదు. ఆ గాజు తెర మీద మళ్లీ బొమ్మ రావాలన్నదే మా ఇద్దరి కోరిక. ఒకసారి ప్లగ్గు పెట్టి చూడవచ్చా? చెక్కపని ఎవరి చేత చేయించాలి? యాంటెన్నాకు అందే పాత దూరదర్శన్ ప్రసారాలు ఆగిపోయాయి కాబట్టి, సెట్టు బాగైనా అందులో ఏం చూడగలం? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు (విజయనగరం నుంచి, టీవీ మెకానిక్)

అమ్మా, ప్లగ్గు మాత్రం పెట్టకండి. ఏళ్ల తరబడి కరెంటు చూడని సెట్టులో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (చార్జి నిలవచేసే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ఎండిపోయి ఉంటాయి. అలాంటి సెట్టుకు నేరుగా 230 వోల్టులు ఇస్తే పవర్ సప్లయ్ అదుపు తప్పి లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు పోతుంది, దాని వెనకే, ట్యూబుకు కావలసిన వేల వోల్టులు పుట్టించే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు కూడా పోవచ్చు. కెపాసిటర్లు ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా దొరుకుతాయి. ట్రాన్సిస్టరు కూడా, అది బీయూ208 గానీ బీయూ508 గానీ అయితే, వెతికితే దొరుకుతుంది. ఆ మోడలుకు సరిపడే ఈహెచ్‌టీ దొరకడమే కష్టం, అందుకే దాన్ని కాపాడుకోవాలి.

అసలు ఈ సెట్టు బాగవుతుందా లేదా అన్నది పిక్చర్ ట్యూబు మీద ఆధారపడి ఉంటుంది. ట్యూబు మీద అంటించిన చీటీ చదవండి. నంబరు ఏ51 అని మొదలై చివర ఎక్స్ అక్షరం ఉంటే అది 51 సెంటీమీటర్ల కలర్ ట్యూబు అని అర్థం. ట్యూబు మెడ చివరి సాకెట్టు తీసి హీటరు (ట్యూబు లోపల వేడెక్కే తీగ) పిన్నుల మధ్య మీటరు పెడితే కొద్ది ఓములే చూపించాలి. అసలేమీ చూపించకపోతే హీటరు తెగిపోయినట్టే, అప్పుడు వేరే ట్యూబు వెతకాలి. హీటరు బాగుంటే మాత్రం మిగతా చాలా లోపాలకు మందు ఉంది.

అయితే ఆ సాకెట్టు మీద చెయ్యి వేసే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, అది అనుభవం ఉన్నవారే చేయాలి. పనిచేసే సెట్టులో ట్యూబు పక్కనున్న రబ్బరు టోపీ కింద 20 నుంచి 25 కిలోవోల్టుల దాకా ఉంటుంది, ఆపేసిన తరువాత కూడా ఆ చార్జి చాలాకాలం నిలిచి ఉండగలదు. ట్యూబు వెనక నల్లటి పూత మీదుగా బిగించిన అల్లిక తీగకు ఒక వైరు కట్టి, రెండో కొసను మంచి పిడి ఉన్న స్క్రూడ్రైవరుకు తగిలించి, దాని మొనను రబ్బరు టోపీ కిందికి జొనపాలి. ఒకసారి చేసి ఊరుకోకూడదు, కాసేపాగి మళ్లీ చేయాలి, ఎందుకంటే గాజులో దాగిన చార్జి మెల్లగా పైకి తేలుతుంది. మీరు పిలిపించిన మనిషి ఈ పని చేయకుండా నేరుగా లోపల చెయ్యి పెడితే అక్కడే ఆపించండి.

తరువాత దుమ్ము దులపడం, కెపాసిటర్లు మార్చడం. పాతదాని మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజీ అంతే గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి, 105 డిగ్రీల రకమైతే మంచిది. లైన్ ట్రాన్సిస్టరు పక్కనుండే 1,600, 2,000 వోల్టుల ప్లాస్టిక్ కెపాసిటర్లను మాత్రం వేరే విలువతో మార్చనివ్వకండి. అక్కడ విలువ తగ్గితే ఈహెచ్‌టీ వోల్టేజీ ప్రమాదకరంగా పెరుగుతుంది. బోర్డు కింది అతుకులను భూతద్దంతో చూడాలి. బరువైన భాగాల కాళ్ల చుట్టూ టంకంలో సన్నని వలయంలాంటి చీలిక కనిపిస్తే అది డ్రై సోల్డర్, మళ్లీ టంకం వేయించాలి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 లేదా 100 వాట్ల పాత తీగ బల్బును సిరీసులో (కరెంటు బల్బు గుండానే సెట్టుకు చేరేలా) పెట్టాలి. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది, సెట్టుకు హాని జరగదు. ట్యూబు చుట్టూ ఉండి, తెరకు పట్టిన అయస్కాంతత్వాన్ని తీసేసే డీగాసింగ్ కాయిలు ప్లగ్గును ముందే తీసి ఉంచాలి. అది స్విచ్చి వేయగానే ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వెలుగు చూసి షార్టు ఉందని పొరబడతారు. ఆ తరువాత లైన్ స్టేజీని (లైన్ ట్రాన్సిస్టరూ ఈహెచ్‌టీ ఉన్న భాగాన్ని) విడదీసి, దాని బదులు ఒక బల్బును లోడుగా పెట్టి, బోర్డు మీద రాసి ఉన్న వోల్టేజీయే సప్లయ్ నుంచి వస్తోందని నిర్ధారించుకున్నాకే లైన్ స్టేజీని కలపాలి.

ఇంకొక్క మాట. ట్యూబు మెడ మీద చిన్న అయస్కాంతపు రింగులు ఉంటాయి, వాటిని ఫ్యాక్టరీలో సరిచేసి రంగుచుక్క పెడతారు. బొమ్మలో రంగులు మరకలుగా కనిపించినా ముందు డీగాసింగ్ పనిచేస్తోందో లేదో చూడాలి గానీ ఆ రింగులను తిప్పకూడదు.

జవాబు (బొబ్బిలి నుంచి)

చెక్కపని గురించి నేను చెబుతాను. అది మామూలుగా ప్లైవుడ్ మీద అంటించిన పలుచని టేకు పొర. ఉబ్బినచోట చెక్క గీతల వెంబడి పదునైన బ్లేడుతో సన్నగా కోసి, సిరంజితో ఫెవికాల్ ఎక్కించి, పైన మైనపు కాగితం, దాని మీద చదునైన చెక్క పెట్టి, మర్నాటి దాకా బరువు ఉంచాలి. అడ్డంగా కోస్తే మచ్చ ఎప్పటికీ పోదు. కాళ్ల దగ్గర పిండిలాంటి పొడి రాలుతుంటే పుప్పి పట్టినట్టు, ఆ రంధ్రాలలోకి మందు ఎక్కించాకే పాలిష్ వేయించండి. పాలిష్ కూడా లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ అడగండి. మెరిసే కొత్త వార్నిష్ వేస్తే ఆ కాలపు పెట్టె కళ పోతుంది.

షట్టరు కదలకపోవడానికి కారణం తరచుగా వెనకనున్న బట్టే. సన్నని చెక్క పట్టీలను గుడ్డ మీద వరసగా అంటించి ఆ షట్టరు చేస్తారు, గుడ్డ చివికితే పట్టీలు విడిపోయి గాడిలో అడ్డం పడతాయి. పట్టీలకు వెనక వైపు నంబర్లు రాసి, విడదీసి, గట్టి కాన్వాసు మీద మళ్లీ అంటించాలి. గాడికి నూనె పూయవద్దు, దుమ్ము పడుతుంది. కొవ్వొత్తి రుద్దితే చాలు. మా దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేసే పనివారున్నారు. ఇలాంటి ఓపికైన పనికి ఫర్నిచరు దుకాణం కన్నా అలాంటి చేతులు మేలని నా అభిప్రాయం. స్పీకరు బట్టకు మాత్రం మీ జిల్లాలోని పొందూరు ఖాదీయే వాడండి. నోటితో ఊదితే గాలి సులువుగా దాటిపోయే పలుచని నేత ఎంచుకుంటే శబ్దం మందగించదు.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

మిగిలింది ప్రసారం సంగతి. డీడీ ఫ్రీ డిష్ సెట్‌టాప్ బాక్సుకు ఏవీ (బొమ్మ, ధ్వని) అవుట్‌పుట్ ఉంటుంది. దాన్ని, బొమ్మనూ ధ్వనినీ యాంటెన్నా సిగ్నలుగా మార్చే ఆర్ఎఫ్ మాడ్యులేటరుకు ఇచ్చి, అక్కడి నుంచి టీవీ యాంటెన్నా సాకెట్టుకు ఇవ్వాలి. మాడ్యులేటరు మన పాత ప్రసారాల పాల్-బీ పద్ధతిదై, బొమ్మ సిగ్నలుకూ ధ్వని సిగ్నలుకూ మధ్య తేడా 5.5 మెగాహెర్ట్జ్ అయి ఉండాలి. అమెరికా పద్ధతి 4.5 మెగాహెర్ట్జ్ రకం కొంటే బొమ్మ వచ్చినా మాట వినిపించదు. మీ సెట్టుకు చదునైన రిబ్బను వైరు తగిలించే రెండు స్క్రూలు ఉంటే 300 ఓముల నుంచి 75 ఓములకు మార్చే చిన్న బాలన్ కూడా కావాలి.

కొందరు మెకానిక్‌లు మాడ్యులేటరు ఎందుకని లోపల ఏవీ సాకెట్టు పెట్టేస్తామంటారు. ఒప్పుకోవద్దు. ఆ కాలపు చాలా సెట్లలో ఛాసిస్ (లోపలి బోర్డు, దాని లోహపు చట్రం) నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది, నేరుగా సాకెట్టు పెడితే మీ సెట్‌టాప్ బాక్సు రేకుకు కూడా కరెంటు వస్తుంది. యాంటెన్నా సాకెట్టును మాత్రం తయారీలోనే విడిగా ఉంచుతారు.

తిరుగు ప్రశ్న (ఆమదాలవలస నుంచి)

ముగ్గురికీ కృతజ్ఞతలు. మావగారికి అంతా చదివి వినిపించాను. ట్యూబు చీటీ మీద ఏ51 అనే ఉంది, చివర ఎక్స్ కూడా ఉంది. ఒకవేళ హీటరు బాగుండి, బొమ్మ మాత్రం మసకగా వస్తే ట్యూబు మార్చక తప్పదా?

జవాబు (విజయనగరం నుంచి, టీవీ మెకానిక్)

వెంటనే ఆ నిర్ణయానికి రావద్దమ్మా. చాలా కాలం పనిలేకుండా ఉన్న ట్యూబు మొదట్లో మసకగా, ఒక రంగు ఎక్కువగా చూపించడం మామూలే. రోజూ కొద్దిసేపు, బ్రైట్‌నెస్ తక్కువలో నడిపిస్తే కాథోడ్లు (ట్యూబులో ఎలక్ట్రాన్లు వెలువరించే భాగాలు) కొంత కోలుకుంటాయి. రిజువనేటరు పెట్టి ఎక్కువ వోల్టేజీతో ట్యూబును లేపుతామని ఎవరైనా అంటే, దాన్ని చివరి ప్రయత్నంగానే ఉంచుకోండి, దానితో పూర్తిగా పోయిన ట్యూబులు కూడా ఉన్నాయి. సెట్టును సముద్రపు గాలి తగిలే కిటికీకి దూరంగా, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. ఉరుములు వినపడగానే ప్లగ్గూ యాంటెన్నా వైరూ రెండూ తీసేయండి.