నంబరు రాసిచ్చినా ఫోన్ చేయని కుటుంబానికి 211 సేవలు అందేలా చూడటం ఎలా?

ప్రశ్న:

అమెరికాలో మేముంటున్న అపార్ట్‌మెంట్లలోనే నివసిస్తున్న ఒక తెలుగు కుటుంబం గురించి సలహా కోరుతున్నాను. ఆ ఇంటాయనకు ఈ మధ్య ఉద్యోగం పోయింది, దానితోపాటే కంపెనీ బీమా కూడా పోయింది. ఆయన తల్లిగారు గ్రీన్ కార్డు మీద వచ్చి రెండేళ్లవుతోంది. ఆవిడకు విడిగా కొన్న బీమాకు ప్రీమియం కట్టలేక ఆపేశారు. డెబ్బై దాటిన ఆవిడ షుగరు, బీపీ మాత్రలను సగానికి విరిచి వేసుకుంటున్నారని మొన్ననే తెలిసింది. దగ్గర్లో ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే 211కు ఫోన్ చేయమని చెప్పి నంబరు రాసిచ్చాను గానీ వారు చేయలేదు. ఇంగ్లీషులో మాట్లాడటానికి జంకు, ఎవరినైనా అడగాలంటే మొహమాటం, సాయం తీసుకుంటే ఇమిగ్రేషన్ చిక్కులు వస్తాయేమోనన్న భయం, ఈ మూడూ ఉన్నట్టున్నాయి. నేనేం చేయగలను?

సమాధానం:

మందుల సంగతి ముందు చూడండి, మిగిలినవి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు. ఫెడరల్ ప్రభుత్వ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు 1965 నుంచీ ఉన్నాయి. బోస్టన్‌లోనూ, మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బేయూలోనూ ఇవి మొదలయ్యాయి. బీమా లేదని గానీ, డబ్బు కట్టలేరని గానీ అక్కడ ఎవరినీ వెనక్కి పంపరు. ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు లోపల ఉంటే నామమాత్రంగా తీసుకుంటారు, లేదా అసలే తీసుకోరు. చాలా సెంటర్లు 340బి అనే పథకం కింద మందులను కూడా తక్కువ ధరకు ఇస్తాయి కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ మాట అడగండి. అక్కడికి వెళ్లాక ఆవిడ మాత్రలు ఎలా వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పి తీరాలి. ఆ మాట దాచిపెడితే, పూర్తి మోతాదు వేసుకున్నా షుగరు తగ్గడం లేదనుకుని డాక్టరు మోతాదు పెంచే ప్రమాదం ఉంది. ఈలోగా ఛాతీనొప్పి, మాట తడబడటం, మగతగా ఉండటం వంటివి కనిపిస్తే క్షణం ఆలోచించకుండా 911కు ఫోన్ చేయండి. డబ్బు కట్టగలరా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఎమర్జెన్సీ విభాగం ముందు పరీక్షించి, పరిస్థితి నిలకడకు తీసుకురావాలని 1986 నాటి చట్టం చెబుతోంది.

ఇక 211 విషయం. 1997లో అట్లాంటాలో యునైటెడ్ వే అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన ఈ నంబరును 2000 జూలైలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దేశమంతటా ఈ పనికే కేటాయించింది. ఫోన్ ఎత్తే మనిషి స్వయంగా సాయం చేసేవారు కాదు, మీ జిప్ కోడ్ చుట్టుపక్కల ఏయే సేవలున్నాయో తమ జాబితాలో వెతికి చెప్పేవారు. అందుకే అడిగే తీరును బట్టే జవాబు ఉంటుంది. “ఇబ్బందుల్లో ఉన్నాం, సాయం కావాలి” అంటే ఓ చాంతాడంత జాబితా చదువుతారు. “డెబ్బై దాటిన మనిషి, బీమా లేదు, షుగరు మందులు ఈ వారంలో అయిపోతాయి” అంటే పనికొచ్చే నంబర్లే చెబుతారు.

నా ఉద్దేశంలో నంబరు రాసివ్వడంతో మీ పని సగం కూడా కాలేదు. వారి ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుని, స్పీకరు పెట్టి ఫోన్ కలపండి. మొదటి మాటగా తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని అడగండి, దానికి డబ్బు తీసుకోరు. ఆ తర్వాత మాట్లాడవలసింది వారే. మీరు వారి తరఫున మాట్లాడితే ఆదాయం, వయసు, అద్దె బాకీ వంటి ప్రశ్నలు వచ్చినప్పుడు మీ ముందు నోరు విప్పలేక తప్పు జవాబులు చెబుతారు. అటువంటి ప్రశ్నలు వచ్చే వేళకు మీరు లేచి అవతలి గదిలోకి వెళ్లడం ఇంకా మంచిది. ఇంట్లో పిల్లల చేత మాత్రం అనువాదం చేయించకండి, నానమ్మ జబ్బు వివరాలను పసివారి నోట పలికించడం భావ్యం కాదు.

ప్రశ్న అడిగినవారు:

మీరు చెప్పినట్టే చేశాము, హెల్త్ సెంటరులో అపాయింట్‌మెంట్ దొరికింది. అయితే 211 వారిచ్చిన మిగతా నంబర్లలో ఒకటి పనిచేయడం లేదు, ఇంకొక చోట వెయిటింగ్ లిస్టు ఉందన్నారు. ఇమిగ్రేషన్ భయం కూడా ఇంకా తీరలేదు.

మరొక సభ్యురాలు:

పనిచేయని నంబరు సంగతి 211కే మళ్లీ ఫోన్ చేసి చెప్పండి. వారు జాబితా సరిచేసుకుంటారు, మీకు వేరే చోటు చెబుతారు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, “ఈలోగా ఇంకెవరిని అడగవచ్చు?” అని అక్కడ పనిచేసేవారినే అడగండి. అదే పని చేసే ఇతర సంస్థల గురించి వారికి తెలిసినంతగా ఏ జాబితాకూ తెలియదు. ఎవరితో ఏ రోజు మాట్లాడారో, ఏ కాగితాలు తెమ్మన్నారో ఒకచోట రాసి పెట్టించండి.

అరవై దాటినవారి కోసం 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ చట్టం కింద ప్రాంతీయ వృద్ధుల సేవా సంస్థలు పనిచేస్తున్నాయి. ఇంటికి భోజనం పంపడం, ఆసుపత్రికి తీసుకెళ్లడం వంటి వాటికి ఈ చట్టం కింద ఆదాయ పరిమితి లేదు. మీ ప్రాంతపు సంస్థ ఏదో ఎల్డర్‌కేర్ లొకేటర్ వారు 1-800-677-1116లో చెబుతారు. కుమారుడు బీమా పోయిన నాటి నుంచి 60 రోజుల లోపల మార్కెట్‌ప్లేస్ అనే ప్రభుత్వ బీమా వేదికలో కొత్త బీమా తీసుకోవచ్చు, ఆ గడువు దాటనివ్వకండి. ప్రీమియం కట్టకపోవడం వల్ల ఆగిన బీమాకు ఈ అవకాశం వర్తించదు కాబట్టి తల్లిగారికి ప్రస్తుతం హెల్త్ సెంటరే ఆధారం. ఆ కుమారుడు ఎవరితోనూ మాట్లాడకుండా ముడుచుకుపోతున్నట్టు అనిపిస్తే, మానసిక వేదనలో, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవారి కోసం 2022 జూలై నుంచి అమలులో ఉన్న 988 నంబరు గురించి కూడా ఆయనకు చెప్పండి.

ఇమిగ్రేషన్ విషయంలో నా మాటతో సహా ఇక్కడ ఎవరు చెప్పినదాన్నీ నమ్ముకుని నిర్ణయం తీసుకోవద్దు. ఒక్కో పథకానికి ఒక్కో నియమం, అవీ మారుతుంటాయి. ఉచిత న్యాయ సహాయ సంస్థల వివరాలు కూడా 211 వారి దగ్గర దొరుకుతాయి. ఏ ప్రభుత్వ పథకానికైనా దరఖాస్తు పెట్టేముందే అక్కడి లాయరును కలవండి.

ఇంకొక సభ్యుడు:

పై సమాధానాలకు ఒక్కటి చేరుస్తాను. వారింట్లో పాత ఆసుపత్రి బిల్లులు కట్టకుండా ఉన్నాయేమో అడిగి చూడండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు రాతపూర్వకమైన ఆర్థిక సహాయ విధానం తప్పనిసరి. ఆసుపత్రి నుంచి వచ్చేశాక అందిన మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల దాకా ఆ దరఖాస్తు తీసుకోవాలి. బిల్లింగ్ విభాగానికి ఫోన్ చేసి “ఫైనాన్షియల్ అసిస్టెన్స్ అప్లికేషన్ పంపండి” అని అడిగితే సరిపోతుంది.