పేదరికం మీద విద్యార్థుల ప్రాజెక్టులు: ఎవరిని ప్రశ్నించాలి?

గుంటూరు అధ్యాపకురాలు:

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు వచ్చినప్పటి నుంచి పేదరికం మీద నివేదికలు గుట్టలుగా వచ్చి పడుతున్నాయి. వాటిని దిద్దేవారిలో నేనూ ఒకరిని. నా అభ్యంతరం సూటిగా చెబుతాను. ఈ ప్రాజెక్టులు పేదల ఇళ్లలోకి తొంగి చూస్తున్నాయి గాని, ఆ ఇంటికి రావలసిన డబ్బు దారిలో ఎక్కడ తెగిపోతోందో చూడడం లేదు.

పిల్లలు ప్రశ్నావళి పట్టుకుని వాడకు వెళతారు. ఇల్లు పెంకులదా రేకులదా, గ్యాస్ ఉందా, మరుగుదొడ్డి ఉందా, భర్త తాగుతాడా అని అడుగుతారు. చివరి పేజీలో ‘అవగాహన కల్పించాలి’ అని సూచన రాస్తారు. పొద్దున్నే కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, సాయంత్రం దాకా మిరపకాయల ముచ్చికలు తీసి, మంటలు పుట్టే చేతులతో ఇంటికి వచ్చే మనిషికి దేని మీద అవగాహన కల్పిస్తాం? పొదుపు మీదనా? ఆమెకు కిలోల లెక్కన కూలి కడతారు. ఆ కాటా ఎవరు వేస్తారు? మధ్యలో మేస్త్రీ ఎంత పట్టుకుంటాడు? తాలు కాయలు ఏరి పక్కన పెట్టిన శ్రమకు లెక్క ఉందా? సీజన్ అయిపోయాక ఆ నెలలన్నీ ఎవరి దగ్గర అప్పు తెచ్చి గడుపుతుంది, ఆ అప్పు తీర్చడానికి మళ్లీ ఎవరి కింద పనికి కుదురుతుంది? నేను దిద్దిన నివేదికల్లో ఈ ప్రశ్నలు కనిపించలేదు. ఆసియాలోనే అతి పెద్దదని పేరున్న మిర్చి యార్డును ఊళ్లో పెట్టుకుని, మన పిల్లలు పేదరికానికి కారణం ‘నిరక్షరాస్యత’ అని రాస్తుంటే నాకు బాధగా ఉంది.

అందుకే అడుగుతున్నాను. పేదరికం తగ్గించాలని చేసే విద్యార్థి పరిశోధన కుటుంబాల సర్వేతో ఆగిపోకుండా, కూలి, అప్పు, కౌలు నిర్ణయమయ్యే చోటును కూడా తప్పనిసరిగా పరిశీలించాలని నియమం పెట్టాలా, వద్దా?

పటమట విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

వద్దంటాను, అమ్మా. పంతొమ్మిదేళ్ల పిల్లలను వ్యాపారుల దగ్గరికి పంపి కాటా లెక్కలు అడగమంటే జరిగేది గొడవే. లెక్కలు చూపించమనే అధికారం వారికి లేదు. కార్మిక శాఖ చేయవలసిన పనిని విద్యార్థుల నెత్తిన పెట్టకూడదు.

పైగా ఇంటింటి సర్వేను మీరు మరీ తేలిక చేస్తున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు, ఏ ఇంట్లో మంచం దిగలేని వృద్ధులున్నారు, ఏ గదిలో ఎవరు అద్దెకుంటున్నారు అన్న జాబితా చేతిలో ఉంటే ఎంత మేలు జరిగేది! పింఛను ఆగిపోయిన వితంతువును గుర్తించి సచివాలయానికి తీసుకువెళ్లినా అది పేదరికం మీద చేసిన పనే.

బీఏ రెండో సంవత్సరం, తెనాలి వైపు:

మేడమ్ గారు చెప్పింది నిజం, సార్ చెప్పిన భయమూ నిజమే. మా బృందం కౌలు రైతుల మీద ప్రాజెక్టు చేసింది. మా నాన్న గారు కూడా కౌలుకే చేస్తారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు కార్డు రావాలంటే భూమి యజమాని సమ్మతించి సంతకం చేయాలి. మేము కలిసిన రైతుల్లో ఎక్కువమంది ఆ సంతకం అడగనేలేదు. అడిగితే వచ్చే ఏడు ఆ పొలం తమకు దక్కదని వారి భయం. కార్డు లేకపోతే పంట రుణం దొరకడం కష్టమై, వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లవలసి వస్తుంది.

యజమానులను కూడా అడుగుదామని మేమే అనుకున్నాం. ఊళ్లో వారంతా తెలిసినవారే కావడంతో నోరు పెగల్లేదు. కళాశాల నుంచి ఒక ఉత్తరం, వెంట ఒక అధ్యాపకుడు ఉంటే అడిగేవాళ్లం.

గుంటూరు అధ్యాపకురాలు:

బాబూ, నువ్వు రాసినది నేను ఇంతకాలం వెతుకుతున్న నివేదిక.

బ్యాంకు ఉద్యోగి గారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. 1976లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పే మహమ్మద్ యూనస్, పక్కనే ఉన్న జోబ్రా గ్రామంలో వెదురు పీటలు అల్లే ఒకావిడను కలిశారు. వెదురుకు అప్పిచ్చిన వ్యాపారే ఆ పీటలను తాను చెప్పిన ధరకు కొనేవాడు. అలా వ్యాపారుల అప్పులో ఉన్నవారి జాబితా రాయమని తన విద్యార్థినికి చెప్పారు. నలభై ఇద్దరు తేలారు. అందరి అప్పూ కలిపితే 27 డాలర్లు! ఆ విద్యార్థిని వారి ఇళ్ల పైకప్పుల గురించి మాత్రమే అడిగి వచ్చేసి ఉంటే ఆ సంగతి బయటపడేదే కాదు. ఎవరికి ఎంత బాకీ అని అడగడానికి అధికారం అక్కరలేదు. కూలి తీసుకునే మనిషే చెబుతుంది.

పటమట విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

యూనస్ జోబ్రాలో మొదలుపెట్టిన పని నుంచే సూక్ష్మ రుణాలు, అంటే పేదలకు తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పులు, వ్యాపించాయి. ఆ కథ ఎక్కడికి చేరిందో మన జిల్లాకే బాగా తెలుసు. 2006లో కృష్ణా జిల్లాలో సూక్ష్మ రుణ సంస్థల శాఖలను అధికారులు మూయించవలసి వచ్చింది. 2010లో రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు తెచ్చారు. వారం వారం వాయిదాల కోసం గుమ్మంలో కూర్చుని ఒత్తిడి చేయడం, ఆత్మహత్యలు, అన్నీ ఆ రోజుల్లో చూశాం. మంచి సర్వే నుంచి పుట్టిన మందు కూడా వికటిస్తుంది. అందుకే పిల్లలు పరిష్కారాల జోలికి పోకుండా ఉంటే మంచిదని నా గట్టి అభిప్రాయం.

గుంటూరు అధ్యాపకురాలు:

అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పరిష్కారం రాయమని నేనూ అడగడం లేదు. ఆ చివరి ‘సూచనలు’ పేజీయే తీసేద్దాం. దాని బదులు, తెలుసుకున్నది చెప్పినవారికే తిరిగి వినిపించాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు అలాగే జరిగాయి కదా. కూలీల ఇళ్లలో పుట్టిన యువతే మస్టర్లు, అంటే పని హాజరు పట్టికలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఎవరి పేరున ఎన్ని రోజులు రాశారో, చేతికి ఎంత వచ్చిందో సరిచూసి, గ్రామసభలో అందరి ముందు చదివారు. కొన్నిచోట్ల కాజేసిన సొమ్ము వెనక్కి వచ్చింది. ఆ యువతీ యువకుల్లో చాలామందికి డిగ్రీలు కూడా లేవు. మన విద్యార్థులకు ఆ పని చేతకాదంటే నేను ఒప్పుకోను.

మన నివేదికలు మాత్రం మార్కులు పడగానే బీరువాలోకి వెళ్లిపోతాయి. ‘ఇల్లు వస్తుందా, పింఛను వస్తుందా’ అని ఆశగా అడిగి, గంటసేపు పని మానుకుని మనకు జవాబులు చెప్పిన ఆమెకు ఒక్క కాగితం కూడా అందదు. ఇది అన్యాయం. పేర్లు, ఆధార్ నంబర్లు తీసేసి, వాడ మొత్తం మీద కిలోకు ఎవరికి ఎంత కూలి వస్తోందో ఒక్క పేజీలో రాసి చదివి వినిపిస్తే, ఒకే పనికి పక్క కోల్డ్ స్టోరేజీలో ఎంత ఇస్తున్నారో అక్కడి ఆడవారికి తెలుస్తుంది. ఆ తర్వాత ఏం అడగాలో వారే తేల్చుకుంటారు.

తెనాలి విద్యార్థి అడిగిన ఉత్తరం, వెంట అధ్యాపకుడు అన్నవి న్యాయమైన కోరికలు. నియమంలో వాటిని ముందు చేర్చాలి.

బీఏ రెండో సంవత్సరం, తెనాలి వైపు:

మేడమ్, మా నివేదిక ఇంకా నా దగ్గరే ఉంది. పేర్లు కొట్టేసి, కౌలు, వడ్డీ వివరాల పట్టిక మాత్రం ఉంచి రైతు సేవా కేంద్రం దగ్గర చదవాలని ఉంది. యజమానులు కూడా అక్కడికి వస్తారు. ఊరు చిన్నది, పేరు లేకపోయినా ఎకరాలు చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. ఎకరాల వరుస కూడా తీసేయమంటారా?

గుంటూరు అధ్యాపకురాలు:

తీసేయి. కౌలు ఎకరానికి ఎన్ని బస్తాలు, వడ్డీ నూటికి ఎంత అన్నవి చాలు. చదివే ముందు ఆ కాగితాన్ని మీ నాన్న గారికి, మిగతా కౌలు రైతులకు చూపించు. ఒక్కరు వద్దన్నా ఆగిపో.