కొబ్బరి చెట్టు నాళంలో గాలి బుడగ పడితే ఏమవుతుంది?

నమస్కారం. పదో తరగతి చదివే మా అమ్మాయి కోసం కాశీతుమ్మ మొక్కను వేళ్లతో సహా తీసి, ఎర్ర సిరా కలిపిన నీళ్లలో నిలబెట్టాం. మర్నాటికి పలుచని కాండం లోపల సన్నని ఎర్ర గీతలు పైకి పాకాయి. బ్లేడుతో అడ్డంగా కోస్తే అంచు వెంబడి ఎర్రటి చుక్కలు వలయంలా కనిపించాయి. అవే నీటిని పైకి మోసే దారు నాళాలని చెప్పాను.

వెంటనే పెరట్లోని కొబ్బరి చెట్టు చూపించింది. "గట్టు మీది మోటారు 10 మీటర్ల లోతు దాటితే నీళ్లు పీల్చలేదన్నారు కదా నాన్నా, 20 మీటర్ల చెట్టు ఎలా లాగుతోంది?"

ఆకుల్లో బాష్పోత్సేకం జరుగుతుంటే, అంటే నీరు ఆవిరై బయటికి పోతుంటే, ఒకదాన్నొకటి పట్టుకున్న నీటి అణువులు తీగలా పైకి సాగుతాయని 1894లో డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. వేరు పీడనం, అంటే వేళ్లు నీటిని కింది నుంచి పైకి నెట్టే బలం, ఒక్కటే అంత ఎత్తుకు చాలదు. ఇంతవరకు చెప్పగలిగాను.

నా చిక్కు ఇక్కడే. అంత బిగువుగా ఉన్న నీటి తీగ మండుటెండలో గాలి బుడగ పడి తెగితే? వేప, మామిడి కొత్త దారువు పెంచుకుంటాయి. కొబ్బరి కాండంలో అలా కొత్త దారువును పుట్టించే విభాజ్య కణజాలపు పొర లేదు, పాత నాళాలే చివరిదాకా పనిచేయాలి. తెగిన తీగ రాత్రి మళ్లీ అతుక్కుంటుందా, లేక నీరు పక్క నాళంలోకి మళ్లుతుందా? వృక్షశాస్త్రం బోధించేవారు దయచేసి పిల్లకు అర్థమయ్యేలా వివరించండి.