ఇంప్లాంటు చుట్టూ అరిగిన దవడ ఎముక: మళ్లీ నింపించాలా, తీయించాలా?

కలిగిరి వాసి:
సభ్యులకు నమస్కారం. మా నాన్నగారి కింది దవడలో పక్కపక్కనే రెండు ఇంప్లాంట్లు, అంటే పోయిన పళ్ల చోట ఎముకలో బిగించిన టైటానియం మరలు, ఉన్నాయి. వాటిలో ఒకదాని చుట్టూ ఎముక అరిగిపోయింది. నొప్పి లేదు, కదలడమూ లేదు. చిగురు నొక్కితే మాత్రం చీము వస్తోంది. ఎక్స్‌రేలో నాలుగు మరచుట్లు ఎముకకు పైన బయటపడి కనిపిస్తున్నాయి. నెల్లూరులో చూసిన డాక్టరుగారు చిగురు తెరిచి శుభ్రం చేసి, ఎముక పొడి నింపి, పైన పొర కప్పుదామన్నారు. ఒంగోలులో చూసినాయన తీసివేయడమే మేలన్నారు. ఎవరి మాట వినాలి?

పొదిలి మాస్టారు:
ముందు మీ ఇంటి నీళ్లు పరీక్ష చేయించండి. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో 1937లో తొలిసారి రాసింది నెల్లూరు జిల్లా చూసే. పొదిలి, కనిగిరి అప్పటికి ఆ జిల్లాలోనివే. 1970లో గదా వేరుపడ్డాయి. ఆ నీళ్లు తాగిన ఎముకలో ఏ పొడి వేసినా వృథా.

కావలి దంతవైద్యుడు:
మాస్టారు గారూ, నీటి దోషమే అయితే పక్కనున్న రెండో ఇంప్లాంటు చుట్టూ కూడా ఎముక అరగాలి గదా. సహజమైన పంటికీ ఎముకకూ మధ్య మెత్తటి నారపొర ఉంటుంది. ఇంప్లాంటుకు అది లేదు. ఎముక నేరుగా టైటానియాన్నే పట్టుకొంటుంది. అందువల్ల గార పేరుకొని చిగురు వాచినప్పుడు, ఆ వాపు నొప్పి తెలియకుండానే ఎముక దాకా దిగిపోతుంది. కదులుతున్న ఇంప్లాంటును తీసివేయక తప్పదు. కదలనిదైతే గుంట ఆకారాన్ని చూడాలి. చెట్టుకు పాదు తీసినట్లు చుట్టూ గోడలు నిలిచి ఉంటే పొడి నిలుస్తుంది. గట్టంతా చదునుగా కుంగిపోతే నిలవదు. ఇంకొక మాట. తరువాత తీసిన ఎక్స్‌రేలో తెల్లగా నిండినట్లు కనిపించినంత మాత్రాన కొత్త ఎముక టైటానియాన్ని పట్టుకొందని నమ్మరాదు, ఎందుకంటే పొడి కూడా తెల్లగానే కనిపిస్తుంది.

కోవూరు:
మా అత్తగారు కట్టుడు పళ్లతోనే చేగోడీలు నమిలారు.

టంగుటూరు రైతు:
పొడి నిలుస్తుందా లేదా అన్నది తరువాత. అది దేని పొడి? నాకు రెండేళ్ల కిందట ఇదే వైద్యం చేశారు. ఇంటికి వచ్చాక ఫైలులో అంటించిన చిన్న స్టిక్కరును మా అబ్బాయి చదివి, అది పశువు ఎముక అన్నాడు. శనివారాలు ఒంటిపూట ఉండే మనిషిని నేను. ఏడాది తిరగకముందే మళ్లీ చీము పట్టింది.

కావలి దంతవైద్యుడు:
దానిలోని మాంసకృత్తులన్నిటినీ తొలగించి, ఖనిజ భాగాన్ని మాత్రమే మిగులుస్తారు. అది మీ ఎముక పెరగడానికి పందిరి వంటిది. చీము మళ్లీ రావడానికి ఆ పొడి కారణం కాకపోవచ్చు. మీరు చుట్ట మానివేశారా?

టంగుటూరు రైతు:
పొగాకు పండించేవాళ్లం గనుక అందరమూ చుట్ట కాలుస్తామనుకొన్నారా? కాలుస్తాను, అది వేరే సంగతి. నేను అడిగినదానికి జవాబు చెప్పండి.

పొదిలి మాస్టారు:
ఆయన ఏ బోరు నీళ్లు తాగుతారో ఎవరూ అడగడం లేదు.

కావలి దంతవైద్యుడు:
జవాబు చెప్పాను. పొగ చిగురుకు రక్తం అందనివ్వదు. కోసి కుట్టిన చిగురు సరిగా మానదు. అదుపులో లేని షుగరుతోనూ ఇంతే. మా దగ్గరికి వచ్చినవారు మానామని చెబుతారు, జేబులో చుట్టలు కనిపిస్తాయి, ఇంప్లాంటు పోతే మమ్మల్ని అంటారు.

టంగుటూరు రైతు:
అయ్యా, మీకూ నాకూ తగువు చుట్ట గురించి కాదు. పశువు ఎముక వద్దంటే దవడ వెనుక భాగం నుంచి నా ఎముకనే గీసి వేయవచ్చట, కృత్రిమంగా చేసిన కాల్షియం ఫాస్ఫేటు పొడి కూడా ఉందట. ఇదంతా నాకు చికిత్స అయ్యాక తెలిసింది. ముందే ఆ సీసా చూపించి అడిగి ఉంటే, ఏమో, పశువుదానికే ఒప్పుకొని ఉండేవాడినేమో.

నెల్లూరు మూలాపేట:
పైన కప్పే పొర చాలాసార్లు పంది చర్మం నుంచి తీసిన కొల్లాజెన్. మా ఇంట్లో అయితే ముందే అడుగుతాము.

కావలి దంతవైద్యుడు:
చెప్పకపోవడం తప్పే. నిజం చెప్పాలంటే, అడగని వారికి నేనూ అన్నిసార్లూ చెప్పలేదు. చెబితే భయపడి వెళ్లిపోతారని. అయినా చుట్ట సంగతి మాత్రం వదలను.

టంగుటూరు రైతు:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

కలిగిరి వాసి:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. గుంట చుట్టూ గోడలు ఉన్నాయో లేదో, పొడి దేనిదో నెల్లూరు డాక్టరుగారిని అడుగుదామన్నారు. తాను రోజుకు రెండు చుట్టలు కాలుస్తున్న సంగతి మాత్రం ఆయనకు చెప్పవద్దన్నారు.