చర్చ: ఒడెగార్డ్‌కి ఏమైంది? ఆర్సెనల్ మళ్ళీ రెండో స్థానమే

గన్నర్_శీను:
సౌతాంప్టన్ మీద 2-1తో మన 2024-25 ప్రీమియర్ లీగ్ సీజన్ ముగిసింది. 89వ నిమిషంలో కెప్టెన్ ఒడెగార్డ్ కొట్టాడు. ఏడాది మొత్తానికి 12 పాయింట్లు తెచ్చుకున్న జట్టు మీద గెలవడానికి అంతసేపు పట్టిందని ఏడవాలో, కెప్టెన్ ఎట్టకేలకు గోల్ కొట్టాడని సంతోషపడాలో తెలియలేదు. లీగ్‌లో ఇది అతనికి మూడో గోల్. 2022-23లో 15, తర్వాతి ఏడాది 8, ఇప్పుడు 3.
మూడు విషయాలు అడుగుతున్నాను. ఒకటి, సెప్టెంబరులో నార్వేకి ఆడుతూ తగిలిన చీలమండ దెబ్బ వల్లే ఫామ్ ఇలా పోయిందా? రెండు, ఎడమ వింగ్‌లో మార్టినెల్లీ సరిపోతాడా, కొత్తవాణ్ణి తేవాలా? మూడు, మిడ్‌ఫీల్డర్ మెరీనోని స్ట్రైకర్‌గా ఆడించడం ఎలా అనిపించింది? మేనేజర్‌ని తీసేయాలనే పోస్టులు దయచేసి వద్దు.

ఫైనల్‌విజిల్:
మేనేజర్‌ని తీసేయాలి.

49_నాటౌట్:
ఒక్కడి మీద పడతారేంటి అందరూ? పట్టిక చూడండి. లివర్‌పూల్ ఓడినవి 4 మ్యాచ్‌లు, మనం ఓడినవీ 4. అయినా వాళ్ళకి 84 పాయింట్లు, మనకి 74. ఎక్కడ పోయాయి ఆ పది? డ్రాల్లో. వాళ్ళవి 9, మనవి 14. ఆగస్టులో బ్రైటన్ మ్యాచ్‌లో బంతిని కాస్త పక్కకి తన్నాడని రైస్‌కి రెండో ఎల్లో కార్డు ఇచ్చి పంపేశారు చూడండి, ఈ ఏడాది మనది కాదని నాకు ఆ రోజే అర్థమైంది. తర్వాత మాంచెస్టర్ సిటీ మ్యాచ్. మన ట్రొస్సార్డ్‌కి రెడ్ కార్డు పడ్డాక రెండో సగమంతా పదిమందితో గోడ కట్టారు. 98వ నిమిషం దాకా 2-1. అప్పుడు వాళ్ళ స్టోన్స్ కొట్టాడు. నోటి దాకా వచ్చింది నేలపాలైంది. ఆ తర్వాత గంటసేపు నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

హైబరీ_బాబాయ్:
డ్రాలని తిట్టకు తమ్ముడూ. 2003-04లో ఒక్కటీ ఓడని జట్టుకి కూడా 12 డ్రాలున్నాయి.

49_నాటౌట్:
ఆ 12 పక్కన 26 గెలుపులు కూడా ఉన్నాయి బాబాయ్. మనవి 20.

హైబరీ_బాబాయ్:
లెక్కలు నాకూ వచ్చులే. అప్పుడు హెన్రీ ఒక్కడే లీగ్‌లో 30 కొట్టాడు. ఇప్పుడు జట్టంతా వెతికినా రెండంకెలు చేరినవాడు లేడు. హావర్ట్జ్ 9 దగ్గర ఉండగా దుబాయ్ ట్రైనింగ్‌లో హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పోయింది. అంతకుముందే జనవరిలో జీసస్ మోకాలు పోయింది. అయినా జనవరిలో ఒక్క స్ట్రైకర్‌ని కొనలేదు. ఒడెగార్డ్ పాస్ ఇస్తే అందుకునేవాడేడి?

టచ్‌లైన్_తారక్:
మెరీనో ఉన్నాడుగా. లెస్టర్ మీద చివర్లో దిగి రెండు కొట్టాడు. ఛాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్ మీద మూడో గోల్ అతనిదే. గుడ్డికన్నా మెల్ల మేలు.

నేలబంతి:
మెరీనో తల, గాబ్రియెల్ తల, టింబర్ తల. ఇది ఫుట్‌బాలా, తలబాలా? నేను పాత మేనేజర్ వెంగర్ కాలం నుంచి ఈ జట్టుని చూస్తున్నది పాసింగ్ కోసం. ఇప్పుడు కార్నర్ దొరికితే గోల్ వచ్చినంత కేకలు. బంతి సాకాకి ఇస్తారు, సాకా కార్నర్ సంపాదిస్తాడు, అరడజను మంది దూరపు పోస్టు దగ్గర గుంపు కడతారు. మన ఎటాక్ అంటే ఇంతే. ఒడెగార్డ్‌కి ఫామ్ పోలేదు, ఆట పోయింది.

జోవర్_భక్తురాలు:
గోల్ అంటే గోలే అండీ. సెప్టెంబరులో మన పక్కింటి శత్రువు స్పర్స్ (టాటెన్‌హామ్) మైదానంలో 1-0తో ఎలా గెలిచాం? సాకా కార్నర్, గాబ్రియెల్ తల. ఆ రోజు రైస్ లేడు, ఒడెగార్డ్ లేడు, మెరీనో లేడు. డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ మీద 2-0, టింబర్ ఒకటి, సలిబా ఒకటి, రెండూ కార్నర్లే. అంతకుముందు ఏడాది లీగ్‌లో కార్నర్ల నుంచే 16 గోల్స్. స్టేడియం దగ్గర గోడ మీద సెట్‌పీస్ (కార్నర్లు, ఫ్రీకిక్కుల) కోచ్ జోవర్ బొమ్మ ఊరికే వేశారా?

నేలబంతి:
గోడ మీద బొమ్మ వస్తే సరిపోతుందా? కప్పు రావాలి.

జోవర్_భక్తురాలు:
మీ పాసింగ్‌తో ఈ మధ్య వచ్చిన కప్పు ఏదో చెప్పండి మరి.

నేలబంతి:
2020 ఎఫ్‌ఏ కప్పు ఫైనల్. చెల్సీ మీద 2-1. ఒబామెయాంగ్ రెండూ కొట్టాడు.

జోవర్_భక్తురాలు:
అందులో ఒకటి పెనాల్టీ. అదీ సెట్‌పీసే :)

చీలమండ_బాధితుడు:
శీను అడిగిన మొదటిదానికి. నాకు లీగ్ లేదు, కోచ్ లేడు, ఆదివారం ఆటలోనే చీలమండ లిగమెంట్ తెగింది. నడక ఆరు వారాల్లో వచ్చేసింది. పరుగూ వచ్చింది. రానిది ఒకటే: ఒంటి బరువంతా ఆ కాలు మీద వేసి చటుక్కున తిరగడం. కాలు సిద్ధంగానే ఉంటుంది, మనసు ఒప్పుకోదు. నాకు ఏడాది పట్టింది. ఒడెగార్డ్ ఆటంతా ఆ తిరగడంలోనే ఉంది. ఈ ఏడాది అతను తిరిగి ముందుకి ఇవ్వాల్సిన చోట వెనక్కి ఇవ్వడం చూసినప్పుడల్లా నా కాలు గుర్తొచ్చింది.

కోచ్_సార్:
నేను పదేళ్ళుగా కుర్రాళ్ళకి కోచింగ్ ఇస్తున్నాను కాబట్టి చెబుతున్నా, టీవీలో చూసేవాళ్ళకి ఇది కనిపించదు. కార్నర్‌లో అసలు పని తలతో కొట్టేవాడిది కాదు, అడ్డం నిలబడేవాడిది. బెన్ వైట్ గోల్‌కీపర్ ముందు చేరి ఏం చేస్తాడో గమనించండి. గాబ్రియెల్ దూరపు పోస్టు అవతలి నుంచి పరుగు మొదలుపెడతాడు. అతన్ని పట్టుకోవాల్సినవాణ్ణి మనవాళ్ళు దారిలోనే ఆపేస్తారు. బంతి ఆరు గజాల గీత దగ్గర దిగుతుంది. ఎడమవైపు నుంచి రైస్ కుడికాలితో, కుడివైపు నుంచి సాకా ఎడమకాలితో వేస్తారు. రెండూ గోల్ వైపు తిరిగే బంతులే. కీపర్ బయటికి రావాలంటే నలుగురిని తోసుకుని రావాలి. ఏప్రిల్ మొదట్లో ఫుల్‌హామ్ మ్యాచ్‌లో గాబ్రియెల్‌కి హామ్‌స్ట్రింగ్ పోయాక ప్రత్యర్థులకి ఆ భయం తగ్గిపోయింది. ఇదే పద్ధతి మా కుర్రాళ్ళతో చేయిస్తే మొదటి మ్యాచ్‌లోనే మూడు గోల్స్ వచ్చాయి.

టచ్‌లైన్_తారక్:
కోచ్ గారూ, మీ కుర్రాళ్ళ వయసెంత?

కోచ్_సార్:
పదకొండేళ్ళ లోపు. అయితే?

టచ్‌లైన్_తారక్:
ఏం లేదు సార్. అవతలి గోల్‌కీపర్‌కి క్రాస్‌బార్ అందుతుందా అని.

కోచ్_సార్:
వెటకారం చేసేవాళ్ళు ముందు ఒక కార్నర్ తిన్నగా వేసి చూపించండి.

రెడ్‌డెవిల్_ఒక్కడే:
యునైటెడ్ అభిమానిని, మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. 248 రోజులు మొదటి స్థానంలో ఉండి కూడా టైటిల్ పోగొట్టుకున్న రికార్డు ఏ జట్టుది?

49_నాటౌట్:
15వ స్థానం నుంచి మీ గొంతు సరిగ్గా వినిపించడం లేదు బ్రదర్. కాస్త గట్టిగా.

రెడ్‌డెవిల్_ఒక్కడే:
గట్టిగానే చెబుతా. జనవరిలో ఎఫ్‌ఏ కప్పులో మీ స్టేడియానికి వచ్చి, పదిమందితో ఆడి, షూటౌట్‌లో మిమ్మల్ని బయటికి పంపాం. ఆటలో మీ కెప్టెన్ కొట్టిన పెనాల్టీ ఆపిందెవరో గుర్తుందా? మా కీపర్ బయిందిర్. ఇంతకీ ఈ చర్చ మీ కెప్టెన్ గురించే కదా?

గన్నర్_శీను:
ఆ పెనాల్టీ సంగతి కావాలనే రాయలేదు నేను. తెచ్చి ముందు పెట్టావు.

హైబరీ_బాబాయ్:
దానికన్నా పెద్ద పాపం చేశారు వీళ్ళు. లీగ్‌లో 17వ స్థానంలో ఉన్న స్పర్స్‌కి యూరోపా లీగ్ ఫైనల్లో కప్పు అప్పగించారు. స్పర్స్‌కి కప్పే రాదన్నది ఇన్నాళ్ళూ మాకు మిగిలిన ఒకే ఒక్క జోకు. దాన్నీ పట్టుకుపోయారు.

రెడ్‌డెవిల్_ఒక్కడే:
దానికి మాత్రం నిజంగా సారీ బాబాయ్.

నేలబంతి:
ఎఫ్‌ఏ కప్పు ఒక్కటేనా? లీగ్ కప్పు సెమీఫైనల్లో న్యూకాసిల్ అక్కడ రెండు, ఇక్కడ రెండు కొట్టింది. మొదటి మ్యాచ్ అయ్యాక మన మేనేజర్ గారు ఆ కప్పు బంతి వేరేగా ఎగురుతుందన్నారు. ఆడలేక మద్దెల ఓడు. న్యూకాసిల్ ఆడింది కూడా అదే బంతితో కదా?

49_నాటౌట్:
ఆ బంతి కంపెనీ వేరు, తీరు వేరు. ఎప్పుడైనా కాలితో తన్నినవాడికి తెలుస్తుంది. కీబోర్డు తన్నేవాళ్ళకి తెలియదు.

నేలబంతి:
చూడు, నేను ఆడిన మ్యాచ్‌లు నువ్వు చూసినన్ని ఉంటాయి. మేనేజర్ భజన చేయాలనుకుంటే వేరే గుంపు పెట్టుకో.

మోడరేటర్:
దీని కింద నాలుగు పోస్టులు తీసేశాను. ఎవరివో వాళ్ళకి తెలుసు. బంతి గురించి రాయండి, ఒకరి ఇంట్లోవాళ్ళ గురించి వద్దు.

వరండా_గన్నర్:
కొట్టుకున్నది చాలు, నా గొప్ప ఒకటి వినండి. మాడ్రిడ్‌తో మొదటి మ్యాచ్‌లో రైస్ మొదటి ఫ్రీకిక్‌కి నేను మంచినీళ్ళ కోసం లేచాను. లోపలి నుంచి ఒకటే అరుపులు. తిరిగొచ్చేసరికి 1-0. పన్నెండు నిమిషాలకి ఇంకో ఫ్రీకిక్. మా అక్క నా భుజం పట్టుకుని "నువ్వు వరండాలోకి పో" అని తలుపేసింది. అదీ గోలే! కెరీర్ మొత్తంలో నేరుగా ఫ్రీకిక్ నుంచి ఒక్క గోల్ లేని మనిషి ఒకే రాత్రి రియల్ మాడ్రిడ్ మీద రెండు కొట్టాడు, నేను రెండూ చూడలేదు. మెరీనో మూడోది కొట్టినప్పుడు కూడా వరండాలోనే ఉన్నాను. సెమీఫైనల్లో పీఎస్‌జీ (పారిస్ జట్టు) మ్యాచ్‌కి ఎవరూ చెప్పకుండానే మొదటి నుంచీ బయట నిలబడ్డాను. నాలుగో నిమిషంలో వాళ్ళ డెంబెలే కొట్టాడు. తలుపు తీసి అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

జోవర్_భక్తురాలు:
పారిస్‌లో రెండో మ్యాచ్‌లో వాళ్ళ కీపర్ డొనరుమ్మా అడ్డుపడకపోయుంటే కథ వేరే. 2-1 అయ్యాక సాకా ముందు గోల్ ఖాళీగా ఉంది, పైకి కొట్టాడు. అతని మీద కోపం కూడా రాలేదు నాకు. డిసెంబరులో హామ్‌స్ట్రింగ్ పోయి మూడు నెలలు లేనివాడు, వచ్చీ రాగానే అంత బరువు మోశాడు.

టచ్‌లైన్_తారక్:
అక్కడే ఒక అసలు సిసలు స్ట్రైకర్ ఉంటేనా! పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌లో ఈ సీజన్ గ్యోకెరెస్‌ని చూడండి. 33 లీగ్ మ్యాచ్‌ల్లో 39 గోల్స్. కళ్ళు మూసుకుని కొనేయాలి.

ఫైనల్‌విజిల్:
పోర్చుగల్ లీగ్ గోల్స్ పట్టుకుని ఎగరొద్దు. నూన్యెజ్ కూడా బెన్ఫికాలో లీగ్‌లో 26 కొట్టి లివర్‌పూల్‌కి వచ్చాడు.

కోచ్_సార్:
స్ట్రైకర్‌ని గోల్స్ చూసి కాదు, బంతి లేనప్పటి పరుగు చూసి కొనాలి. మా కుర్రాళ్ళలో ఒకడున్నాడు...

టచ్‌లైన్_తారక్:
వాణ్ణే కొందాం సార్. కాకపోతే స్కూలు టైమ్ చూసుకోవాలి.

గన్నర్_శీను:
చీలమండ గురించి రాసిన అన్నకి థాంక్స్. అడిగినదానికి సరిగ్గా జవాబిచ్చింది ఆయనొక్కరే. నాకూ అదే అనిపించింది. నవంబరు మొదట్లో తిరిగొచ్చాక కొన్నాళ్ళు బాగానే ఆడాడు. ఫిబ్రవరిలో సిటీని 5-1తో కొట్టిన రోజు రెండో నిమిషంలో మొదటి గోల్ అతనిదే. ఆ తర్వాత మళ్ళీ పక్కకి పక్కకి పాసులు.
సరే, మార్టినెల్లీ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

హైబరీ_బాబాయ్:
మాడ్రిడ్ వాళ్ళ మైదానం బెర్నబావులో 93వ నిమిషంలో సగం మైదానం ఒంటరిగా పరిగెత్తి కొట్టాడే, ఆ ఒక్కదానికి నేను వాడికి ఇంకో రెండేళ్ళు ఇస్తా.

వరండా_గన్నర్:
అప్పుడు కూడా నేను బయటే ఉన్నా.

49_నాటౌట్:
ఆగస్టు నుంచి 38 మ్యాచ్‌లూ బయటే ఉండు అన్నా. పాయింట్లు మేం లెక్కపెడతాం.